నివేదిక వేరు, తీర్పు వేరు: నా మార్కులు పోయిన చోటు

గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ, నేను బోల్తా పడిన ఒక టాపిక్ గురించి చెప్తాను.

మాది ఉద్దానం. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర రూము తీసుకుని చదివేవాణ్ణి. ఒక టెస్ట్ సిరీస్‌లో రోహింగ్యాల (మయన్మార్ సైన్యం దాడులకి బంగ్లాదేశ్ పారిపోయిన ముస్లిం మైనారిటీ) మీద ప్రశ్న వస్తే, ‘ఐరాస నిజ నిర్ధారణ బృందం మయన్మార్ సైన్యాన్ని దోషిగా తేల్చింది’ అని ధీమాగా రాసేశాను. పదికి రెండు మార్కులు. తప్పెక్కడో రెండు రోజుల దాకా తట్టలేదు.

చివరికి తిత్లీ గుర్తొచ్చింది. 2018 అక్టోబరులో ఆ తుపానుకి మా కొబ్బరి చెట్లు కూలాక నష్టం రాసుకోడానికి మనుషులొచ్చారు. చెట్లు లెక్కపెట్టారు, ఫొటోలు తీశారు, మా మాట నిజమో కాదో పక్క తోట రైతుని అడిగారు. రాసుకుని వెళ్లిపోయారు. పరిహారం మంజూరు చేసేవాళ్లు వేరే. నిజ నిర్ధారణ బృందానిదీ అచ్చం అదే పని.

మయన్మార్‌దే చూడండి. 2017 మార్చిలో ఐరాస మానవ హక్కుల మండలి బృందాన్ని వేసింది. ఆ దేశం లోపలికి రానివ్వలేదు. దాంతో బంగ్లాదేశ్ కాక్స్ బజార్ శిబిరాలకు వెళ్లారు. బాధితులు, ప్రత్యక్ష సాక్షులతో 875 ఇంటర్వ్యూలు చేశారు, వాటిని ఉపగ్రహ చిత్రాలతో సరిపోల్చారు. 2018 నివేదికలో సైనిక ఉన్నతాధికారులపై జాతి నిర్మూలన నేరం కింద దర్యాప్తు, విచారణ జరగాలన్నారు. ‘నమ్మడానికి తగిన ఆధారాలున్నాయి’ అన్నంత వరకే వాళ్ల కొలమానం. శిక్ష పడాలంటే కోర్టులో సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి.

2019 నవంబరులో ఆఫ్రికా దేశం గాంబియా మయన్మార్ మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేసింది. అదే నెలలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు దర్యాప్తుకి అనుమతిచ్చింది. రెండూ హేగ్‌లోనే ఉండి మన ప్రాణం తీస్తాయి! మొదటిది దేశాల మధ్య తగవులకి, రెండోది వ్యక్తుల నేరాలకి. రెండోదానికి ఆధారమైన రోమ్ ఒప్పందంలో మయన్మార్ లేదు, మన దేశమూ లేదు. బంగ్లాదేశ్ ఉంది. జనాన్ని సరిహద్దు దాటేలా తరిమితే నేరంలో కొంత భాగం బంగ్లాదేశ్ గడ్డ మీద జరిగినట్టే. కోర్టుకి అధికారం అలా వచ్చింది. నా జవాబులో ఈ ముక్కే లేదు.

ప్రిలిమ్స్‌కి ఒక్క బిట్: యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకి 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్ (అనుబంధ ఒప్పందం), 90వ అధికరణ కింద 15 మంది సభ్యుల శాశ్వత నిజ నిర్ధారణ కమిషన్ ఉంది. 1991లో ఏర్పడితే మొదటి పని 2017లో, తూర్పు ఉక్రెయిన్‌లో దొరికింది. మన నోటిఫికేషన్లే నయం.

అన్నట్టు, పోలిక బాగుంది కదా అని జవాబులో తిత్లీ రాయకండి. తర్వాతి టెస్టులో నేను రాసి తిట్లు తిన్నాను.