లకానిక్ అంటే పొట్టి మాట ఒక్కటే కాదు

ఇంగ్లీషులో లకానిక్ అని ఒక విశేషణం ఉంది. డిక్షనరీలో "తక్కువ మాటల్లో చెప్పే" అని తేల్చేస్తారు, దాంతో పొట్టిగా ఉన్న ప్రతిదానికీ దీన్ని తగిలించేస్తుంటారు. లకానిక్ రిపోర్టు, లకానిక్ యూజర్ మాన్యువల్... వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. రిపోర్టు క్లుప్తంగా ఉంటే అది కన్‌సైజ్, అంతే. లకానిక్ అనాలంటే ఆ పొట్టి మాట వెనక ఒక మనిషి, ఆ మనిషి తీరు కనిపించాలి.

గ్రీసులో స్పార్టా ఉన్న ప్రాంతం పేరు లకోనియా, మాట అక్కడిదే. మాసిడోనియా రాజు రెండో ఫిలిప్, అంటే అలెగ్జాండర్ తండ్రి, "నేను లకోనియాలోకి వస్తే మిమ్మల్ని నామరూపాల్లేకుండా చేస్తా" అని బెదిరిస్తే స్పార్టావాళ్లు తిరిగి పంపిన జవాబు: "వస్తే". పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన ఈ ముచ్చట చాలామంది వినే ఉంటారు.

నాకైతే ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాసిన సంచి కథే ఎక్కువ ఇష్టం. సామోస్ ద్వీపం నుంచి వెళ్లగొట్టబడ్డవాళ్లు కొందరు స్పార్టాకి వచ్చి, సాయం చేయమని పెద్ద ఉపన్యాసం దంచారట. అంతా విని స్పార్టా పెద్దలు "మొదట్లో చెప్పింది మర్చిపోయాం, చివర్లో చెప్పింది అర్థం కాలేదు" అన్నారు. ఇలా కాదని సామోస్ వాళ్లు ఈసారి ఖాళీ సంచి ఒకటి పట్టుకొచ్చి, "సంచికి పిండి కావాలి" అని ఊరుకున్నారు. దానికీ వంక పెట్టారండీ, "సంచి" అనే మాట ఎందుకు, కనిపిస్తూనే ఉందిగా అని! సాయం మాత్రం చేద్దామనే నిర్ణయించారు.

ఈ రెండు కథల్లోనూ అవతల ఒకడు ఎక్కువ మాట్లాడినవాడు ఉన్నాడు చూడండి. అతను లేకపోతే "వస్తే" అన్నదానికి పస ఉండదు. అందుకే ఈ విశేషణం ఎక్కువగా జవాబు, వ్యాఖ్య, మనిషి, చెప్పే ధోరణి లాంటి వాటి పక్కనే ఇముడుతుంది.

మన "ముక్తసరి" దీనికి దగ్గరగా వస్తుంది కానీ, ముక్తసరిగా మాట్లాడాడంటే ఏదో మనసులో పెట్టుకున్నాడనే అనుకుంటాం. ఇంగ్లీషులో ఆ పని కర్ట్ అనే మాటది. లకానిక్‌లో సాధారణంగా ఆ ముభావం ఉండదు, మొహం మారకుండా వేసే పొడి చురక ఉంటుంది చాలాసార్లు. ఒకరు మూడు పేజీల మెయిల్ రాస్తే బాస్ "చూశాను" అని పంపాడనుకోండి, రాసినవాడికి అది కర్ట్, పక్క సీట్లో నవ్వుకునేవాడికి లకానిక్.

పలికేటప్పుడు ఊనిక "కా" మీద పడుతుంది. లాకడెయిజికల్ అని ఇంకోటుంది, దానికి అర్థం నీరసంగా, పట్టనట్టు ఉండటం. శబ్దం కాస్త దగ్గరగా ఉందని రెండూ కలిపేయకండి. ఎవరి గురించైనా రికమండేషన్ లెటర్‌లో మాత్రం లకానిక్ వాడకపోవడమే మంచిది, చదివే హెచ్ఆర్‌కి ఈ స్పార్టా గొడవంతా తెలియాలని లేదు కదా.