ఇంకా అవ్వలేదండీ, అయితే చెప్తాం

ఈ రోజుకి నాకు కడుపుతో 39 వారాల 5 రోజులు. పొద్దున్నుంచి ఏడు ఫోన్లొచ్చాయి, ఏడింట్లోనూ ఒకటే మాట, "ఏటమ్మా, ఇంకా అవ్వలేదా?" అయితే చెప్పకుండా దాచుకుంటామా అండీ? మొదటి మూడింటికీ మర్యాదగానే చెప్పాను, నాలుగో దానికి ఫోన్ అమ్మ చేతికిచ్చేసి గోడవైపు తిరిగి పడుకున్నా. ఎడమవైపు తిరిగి, డాక్టర్ గారు చెప్పినట్టే. ఇప్పుడు నా జీవితంలో నేను ఖచ్చితంగా పాటిస్తున్న రూలు అదొక్కటే.

అసలు ఈ డ్యూ డేట్ అనేది ఎవరు కనిపెట్టారో గానీ, చివరి నెలసరి మొదటి రోజుకి ఏడు రోజులు కలిపి తొమ్మిది నెలలు ముందుకెళ్తే వచ్చే తేదీ అది, అంతే, రైల్వే రిజర్వేషన్ కాదు. సరిగ్గా ఆ రోజే పుట్టేవాళ్ళు నూటికి నలుగురో ఐదుగురో అంట. ఈ సంగతి నాకు ఏడో నెలలోనే తెలుసు. కానీ సీమంతం రోజు మా ఆయన ఆ తేదీని అందరికీ చెప్పేసాడు, చెప్పాక ఇంక అది మా చేతుల్లో లేదు, చుట్టాలందరి క్యాలెండర్లలోకీ ఎక్కి కూర్చుంది.

పురుడికి పుట్టింటికి, అంటే గోపాలపట్నం వచ్చి మూడు వారాలైంది. 36 వారాలు నిండేదాకా ఆఫీసుకెళ్ళా. లీవు 26 వారాలు, అందులో ఎనిమిది దాకా కాన్పుకి ముందు వాడుకోవచ్చు, కానీ ముందు ఎంత వాడితే తర్వాత బిడ్డ దగ్గర అంత తగ్గుతుంది కదా అని బిగబట్టి పనిచేసా. ఇప్పుడు ఇక్కడ ఖాళీగా కూర్చుని ఇలా ఎదురుచూస్తుంటే అక్కడ బిగబట్టినదంతా ఇక్కడ కరిగిపోతోంది, మనసు పీకుతోంది.

నా అసలు టెన్షన్ నొప్పుల గురించి కాదు, నమ్మండి. దారి గురించి. మా హాస్పిటల్ రామ్‌నగర్‌లో, మేముండేది గోపాలపట్నంలో, మధ్యలో ఎన్ఏడీ, మురళీనగర్, తాటిచెట్లపాలెం, గురుద్వార. దానికి తోడు నాది ఓ నెగటివ్ బ్లడ్ గ్రూపు. 28వ వారంలో, నెగటివ్ గ్రూపు తల్లులకి వేసే యాంటీ డీ ఇంజెక్షన్ వేసారు, బిడ్డది పాజిటివ్ అయితే పుట్టాక 72 గంటల్లోపు మళ్ళీ వెయ్యాలి, బ్లడ్ అవసరమైతే ఇచ్చేవాళ్ళని ముందే చూసుకోమన్నారు. మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో తన షిఫ్టు వాళ్ళందర్నీ అడిగితే ఇద్దరు దొరికారు, ఆ ఇద్దరి నంబర్లూ నా ఫైలు మొదటి పేజీలో స్కెచ్ పెన్నుతో రాసి పెట్టా. ఈ పరిస్థితుల్లో పంచాంగం తీసి చూస్తే ఏముందీ, ఆషాఢ పౌర్ణమి! అంటే గిరి ప్రదక్షిణ! నాకప్పటికి సరిగ్గా 39 వారాలకి ఒక్కరోజు తక్కువ!

వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ బయటివాళ్ళ కోసం, సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు, కొండ కింద తొలి పావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలెట్టి, హనుమంతవాక, వెంకోజీపాలెం, కైలాసపురం, మాధవధార, మురళీనగర్, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్ళీ సింహాచలం. మా వీధి చివర రోడ్డంటే ఆ దారే. లక్షల్లో జనం, మధ్యాహ్నం మొదలై రాత్రంతా, తెల్లారాక కూడా వస్తూనే ఉంటారు, ట్రాఫిక్ అంతా మళ్ళించేస్తారు. ప్రతి ఏడూ మేమే అరుగు మీద డ్రమ్ముల్లో మజ్జిగ కలిపి పోసేవాళ్ళం. ఈసారి మాత్రం నాకా జనం తలుచుకుంటేనే చెమటలు, ఆ రాత్రే ఉమ్మనీరు పోయిందనుకోండి, ఆటో ఏ దారిన వెళ్తుంది?

అమ్మ, "సింహాద్రి అప్పన్నే చూసుకుంటాడే" అంది. అప్పన్న చూసుకుంటాడు సరే, ఆటో రావాలి కదమ్మా అన్నా. నాన్న ఏమీ అనలేదు, లోపలికెళ్ళి మహారాణిపేటలో ఉన్న పిన్నికి ఫోన్ చేసి రెండ్రోజులు గది ఖాళీ చేయించాడు. పిన్ని ఇల్లు ఆ దారికి అవతల, సముద్రం వైపు, అక్కడ్నుంచి రామ్‌నగర్‌కి ఎవర్నీ దాటుకోకుండా వెళ్ళిపోవచ్చు. అలా ముందు రోజే నేనూ, అమ్మా, హాస్పిటల్ బ్యాగూ, ఫైలూ, నా మూడు తలగడలూ మకాం మార్చాం.

నాన్నకేమో ఏళ్ళుగా ప్రదక్షిణ అలవాటు, అదీ చెప్పుల్లేకుండా. ఈసారి మానేస్తానన్నాడు గానీ అన్న తీరులోనే తెలిసిపోయింది మానలేడని. నేనే వెళ్ళమన్నా. ఫోన్ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెళ్ళో తగిలించుకుని వెళ్ళాడు, రాత్రంతా స్టేషన్ స్టేషన్‌కీ ఫోన్. "వెంకోజీపాలెం దాటాను, ఏమైనా ఉందా?" "మాధవధారమ్మా, ఏమైనా ఉందా?" ఒంటిగంటకి ఎన్ఏడీ నుంచి, వెనకాల గోవింద నామాలు, మైకులు, మధ్యలో మా నాన్న గొంతు, "ఏమైనా ఉందా?" ఏమీ లేదు నాన్నా, గుండెల్లో మంట తప్ప ఏమీ లేదు. పిన్ని ఇంట్లో ఆ రెండ్రోజులూ నేను ఉప్మా, పనసతొనలు తిన్నాను, సాయంత్రం బీచ్ రోడ్డు మీద బాతులా నడిచాను, ఒక్క నొప్పి రాలేదు. బట్టలు సర్దుకుని ఇంటికొచ్చేసాం.

వచ్చిన రెండో రాత్రి వచ్చాయి!

మా ఆయన సీ షిఫ్టులో ఉన్నాడు. రాత్రి ఒంటిగంటన్నరకి పొట్టంతా రాయిలా బిగుసుకుంది, ఒక నిమిషం, వదిలేసింది. మళ్ళీ పన్నెండు నిమిషాలకి. మళ్ళీ తొమ్మిదికి. డాక్టర్ గారు ముందే చెప్పారు, మొదటి కాన్పు కాబట్టి కంగారు పడొద్దు, అయిదేసి నిమిషాలకొకటి, ఒక్కోటీ నిమిషం పాటు, అలా ఓ గంట వరసగా వస్తే బయల్దేరండి అని. నీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలికలు తగ్గినా, కళ్ళు మసకబారేంత తలనొప్పి వచ్చినా లెక్కలేం చూడకుండా వెంటనే రమ్మన్నారు. నేను ఫోన్‌లో టైము నోట్ చేసుకుంటూ కూర్చుంటే అమ్మ పక్కన కూర్చుని నా మొహం నోట్ చేసుకుంటోంది. ఏడు నిమిషాలు, ఆరు, మళ్ళీ పది, మళ్ళీ ఆరు. గంట ఎక్కడ నిండుతుందండీ, అమ్మ ఆగితే కదా, రెండున్నరకి కింద పోర్షన్ అన్నయ్య తలుపు కొట్టేసింది. ఆయనది ఆటో, ముందే మాట్లాడి పెట్టుకున్నాం. "రా చెల్లీ" అని లుంగీ మీదే చొక్కా వేసుకుంటూ వచ్చాడు. అదీ కుదరకపోతే 108 ఉండనే ఉంది అనుకున్నాం.

ఆ దారి చూడాలి మీరు. మూడు రోజుల క్రితం కాలు పెట్టే సందు లేని రోడ్డు, ఆ రాత్రి కుక్కలు తప్ప ఎవరూ లేరు. ఎన్ఏడీ దగ్గర నాలుగు లారీలు, అంతే. అన్నయ్య ప్రతి స్పీడ్ బ్రేకర్ ముందూ "చెల్లీ, గతుకు" అని చెప్పి మరీ ఎక్కించాడు, అలా చెప్పడం వల్ల నేను ముందే బిగుసుకుపోయి ఇంకా ఎక్కువ నొప్పి తెచ్చుకున్నా, కానీ ఆ మాట ఆయనకి ఎలా చెప్పను. ఇరవై నిమిషాల్లో రామ్‌నగర్. నేను నెలరోజులు భయపడిన దారి అది!

అక్కడ పొట్టకి రెండు బెల్టులు కట్టారు, ఒకటి బిడ్డ గుండెకి, ఇంకోటి నొప్పులకి, చేతికో బటన్ ఇచ్చి కదిలినప్పుడల్లా నొక్కమన్నారు. ఎన్ఎస్టీ అంటారు. ఆ గది నిండా టకటక టకటక అని గుర్రం పరిగెడుతున్నట్టు చప్పుడు, తెర మీద 142, 138, 151. 110 నుంచి 160 మధ్య ఉంటే పర్లేదంట. అమ్మ ఆ అంకెల్ని కళ్ళార్పకుండా చూస్తోంది, 138కి పడగానే "తగ్గిపోతోందేటమ్మా" అని నర్సమ్మ గారి చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఇలాంటి అమ్మల్ని రోజుకి ఎంతమందిని చూస్తారో, విసుక్కోకుండా, "అది అలాగే ఎగుడు దిగుడు ఉండాలమ్మా, తిన్నగా గీత గీసినట్టుంటేనే మాకు భయం" అన్నారు. తర్వాత లోపల చూసి, గర్భసంచి ముఖద్వారం ఇంకా ఒక వేలంత కూడా తెరుచుకోలేదు, ఇవి దొంగ నొప్పులు, ఇంటికెళ్ళి వేడినీళ్ళు పోసుకుని పడుకోండి అన్నారు. పది సెంటీమీటర్లు తెరుచుకోవాలి, నాకు సున్నా. నేను ఆ టేబుల్ మీదే ఏడ్చేసా, నొప్పికి కాదు, సిగ్గుకి. తెల్లారి అన్నయ్య ఆటో దారిలో ఆపి మాకు ఇడ్లీ పెట్టించాడు, నేను ఆరు తిన్నా. ఏడుపయ్యాక ఆకలెక్కువ వేస్తుందేమో.

దొంగ నొప్పుల్లో తేడా ఏంటంటే, అవి లెక్కకి నిలబడవు. ఒకసారి ఆరు నిమిషాలు, ఒకసారి పది, లేచి నడిస్తే, నీళ్ళు తాగితే, పక్కకి తిరిగితే తగ్గుతాయి. అసలువి తగ్గవు, దగ్గర దగ్గరగా వస్తూ బలపడుతూనే ఉంటాయి. ఇది నేను చదివాను, రెండుసార్లు చదివాను, ఆ రాత్రి ఒక్క ముక్క గుర్తు రాలేదు. కానీ మళ్ళీ అలా వస్తే మళ్ళీ వెళ్తా. వెళ్ళి తిరిగొస్తే పోయేది ఆటో డబ్బులూ కొంచెం పరువూ, అంతే కదా.

ఇంక మా అత్తగారు. మంచావిడే, కానీ పౌర్ణమికి ముందు ఫోన్ చేసి, "తిథి బాగుందమ్మా, డాక్టర్ గారితో ఒక మాట మాట్లాడి చూడు, నీకూ ఈ బాధ తప్పుతుంది" అన్నారు. ఆపరేషన్ చేయించేసుకోమని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే, దేశం మొత్తం మీద 21. ఈ తేడా మొత్తం ముహూర్తాల వల్లే అని నేననను, అవసరమైన ఆపరేషన్ ప్రాణాలు కాపాడుతుంది, నాకూ అవసరమైతే సంతకం పెట్టడానికి ఒక్క క్షణం ఆలోచించను. కానీ పంచాంగం చూసి పొట్ట కొయ్యడమేంటండీ. "అత్తయ్యా, వాడికి ఏ తిథి కావాలో వాడే చూసుకుంటాడు" అన్నా. "వాడా!" అని ఆవిడ వెంటనే పట్టుకున్నారు, అయ్యో నాయనా, మాట వరసకి అన్నా, స్కానింగ్ గదిలో అంత పెద్ద బోర్డు ఉంటుంది చెప్పరు, అడగకూడదు అని, నాకేం తెలుసు. ఇప్పుడు అటువైపు చుట్టాలందరూ మగపిల్లాడని ఫిక్స్ అయిపోయారు. పాప పుడితే నేనే అబద్ధం చెప్పినట్టు.

ఇన్నిటిలో నాకు నిజంగా నచ్చిన పని పొత్తిగుడ్డలు. బిడ్డకి ముందుగా కొత్తబట్టలు కొనకూడదు అని అమ్మమ్మ ఆర్డరు, అందుకని అమ్మ బీరువా అడుగునుంచి పాత నేత చీరలు తీసింది. ఉతికి ఉతికి మెత్తబడి, వెలుగులో పెడితే అవతల చెయ్యి కనబడేంత పల్చబడ్డవి, కలరా ఉండల వాసన. మధ్యాహ్నం నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, జానెడున్నరకో చోట కత్తెరతో చిన్న గంటు పెట్టి రెండు చేతులా లాగితే పర్రుమని నేత వెంటే తిన్నగా చిరుగుతుంది, కత్తెరతో మొత్తం కట్ చేస్తే అంత తిన్నగా రాదంట. అంచులూ జరీ ఉన్న ముక్కలు పక్కకి, అవి బిడ్డకి గుచ్చుకుంటాయి. అలా ఇరవై నాలుగు చేసాం. ఒక ఆకుపచ్చ చీర మాత్రం అమ్మ మూడుసార్లు చేతిలోకి తీసుకుని మూడుసార్లూ మడతపెట్టి పక్కన పెట్టింది. ఎందుకో అడగలేదు.

కదలికలు లెక్కపెట్టడానికి ఫోన్లో యాప్ ఉంది గానీ నేను చింతపిక్కలతో లెక్కపెడుతున్నా. అన్నం తిన్నాక ఎడమవైపు పడుకుని, ఒక గిన్నెలో పది పిక్కలు, తన్నినప్పుడల్లా ఒకటి రెండో గిన్నెలోకి. రెండు గంటల్లో పదీ మారాలి, మారకపోతే హాస్పిటల్‌కి ఫోన్. ఇవాళ ముప్పావుగంటలో మారిపోయాయి. పదోది వేస్తుంటే ఎంత గట్టిగా తన్నిందంటే గిన్నె కింద పడి పిక్కలన్నీ మంచం కిందకెళ్ళాయి, నేను వంగలేను, అవి అక్కడే ఉన్నాయి.

మా ఆయన లేబర్ రూమ్‌లోకి వస్తానంటాడు, హాస్పిటల్ వాళ్ళు ఆడవాళ్ళైతేనే ఒకరిని పంపిస్తాం అంటారు. నాకు కావాల్సిన మనిషి నా పక్కన ఉండడం మంచిదే అని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోందని డాక్టర్ గారితో చెప్పి చూసా, "పక్క బెడ్ల వాళ్ళకి ఇబ్బంది కదమ్మా" అన్నారు, అదీ నిజమే. అమ్మ వస్తుంది. నాకు అమ్మ కంగారు తలుచుకుంటే మాత్రం, 138 దగ్గరే అలా అయిపోయింది కదా.

సోమవారం దాకా చూసి, అప్పటికీ రాకపోతే మళ్ళీ చెకప్ చేసి ఏం చెయ్యాలో చెప్తానన్నారు. ఇప్పుడే మేడ మీదనుంచి అమ్మ కేకేస్తోంది, చినుకులు మొదలయ్యాయి, తీగ మీద పొత్తిగుడ్డలున్నాయి, ఈ ఆషాఢంలో మూడు రోజులుగా ఆరి చావట్లేదు, తీస్తుంటే వాన, ఆరేస్తుంటే వాన. కేకేసింది నన్ను కాదు, నాన్నని. ఆయనకేమో ప్రదక్షిణ నొప్పులు ఇంకా తగ్గలేదు, మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు, సగం దాకా వెళ్ళి ఆగి కిందకి చూసి అడుగుతున్నాడు, "ఏమైనా ఉందా?"