రామప్ప దాకా వెళ్ళి కోటగుళ్ళు చూడకుండా రాకండి

రామప్పకి వెళ్ళొచ్చాం అని ఎవరైనా అంటే నేను వెంటనే అడిగేది "మరి కోటగుళ్ళు చూశారా?" అని, చాలామంది "అదెక్కడ?" అంటారు. రామప్ప నుంచి ఓ పది కిలోమీటర్లు అంతే, గణపురంలో ఉన్న కాకతీయుల కాలం నాటి గుళ్ళ గుంపు. రామప్ప ములుగు జిల్లా, ఇది భూపాలపల్లి జిల్లా, అందుకేనో ఏమో టూరిస్టు బస్సులు అటు తిరగవు.

కార్తీకంలో ఏదో ఒక శివాలయానికి జంటగా వెళ్ళి దీపం పెట్టి రావాలని మా అత్తగారు పెళ్ళైన కొత్తలోనే చెప్పేశారు, శ్రీశైలం, వేములవాడ అయిపోయాయి కాబట్టి ఈసారి కాకతీయుల గుళ్ళు అనుకున్నాం. మా ఆయన సివిల్ ఇంజనీరు. ఆయనతో గుడికెళ్తే నేను దేవుడికి దండం పెట్టేలోపు ఆయన పైకప్పుకి పెట్టేసి ఉంటారు.

హన్మకొండలో పొద్దున్నే వేయి స్తంభాల గుడికి వెళ్ళాం, 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, శివుడు విష్ణువు సూర్యుడు ముగ్గురికీ. కార్తీక సోమవారం కదా, జనం మామూలుగా లేరు, దీపాలు పెట్టుకోడానికి జాగా దొరకడమే గగనం, ఒకావిడ చీర కొంగుకి నా దీపం అంటుకోబోయింది, ఇక లాభం లేదని దర్శనం చేసుకుని బయటపడ్డాం.

రామప్ప గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, గుడికి కట్టించినవాళ్ళ పేరు కాకుండా శిల్పి పేరు ఉండిపోయింది, గోపురం ఇటుకలు నీళ్ళలో తేలతాయి, ఇవన్నీ అందరికీ తెలిసినవే. చూరు కింద ఉండే నల్లరాతి మదనికల దగ్గర, అంటే అందమైన ఆడవాళ్ళ బొమ్మల దగ్గర, నేను మెడ నొప్పెట్టేదాకా నిలబడ్డాను, కాల్లో గుచ్చుకున్న ముల్లు తీయించుకునే బొమ్మ ఉంటుంది చూడండి, ఆ కాలు ఎత్తిన తీరులో నొప్పి కూడా తెలుస్తుంది. మా ఆయన మాత్రం "కింద చూడు కింద" అంటారు. మండపంలో బండలు ఒక చోట పైకి ఒక చోట కిందికి అలల్లా ఉన్నాయి, పైన దూలాలు కొన్ని పగిలి ఉన్నాయి, అయినా గుడి నిలబడింది. పునాది గోతుల్లో ఇసుక నింపి దాని మీద కట్టారు కాబట్టి కింద నేల కదిలినా ఆ ఇసుక సర్దుకుంటుందట, బరువు తగ్గాలనే గోపురానికి ఆ తేలిక ఇటుకలట, దారి పొడుగునా ఇదే క్లాసు. బాగా కట్టిన గుడిలో లోపల ఏముందో కనపడదు, అది కావాలంటే పడిపోయిన గుడి చూడాలి అన్నారు. ఆ మాట ఎందుకన్నారో గణపురం వెళ్ళాకే నాకు అర్థమైంది.

కోటగుళ్ళు అంటే ఒక గుడి కాదు, చుట్టూ రాతి ప్రహరీ, ఆ ఆవరణలో పెద్దవీ చిన్నవీ కలిపి ఇరవై రెండు గుళ్ళు. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలం నాటివి. నడుమ పెద్ద గుడి గణపేశ్వరాలయం, దానికి పక్కనే అదే పోలికతో ఇంకాస్త చిన్నది కాటేశ్వరాలయం, మిగతావి చుట్టూ చిన్న చిన్నవి, కొన్నిటికి గోడలే ఉన్నాయి పైకప్పు లేదు, కొన్ని రాళ్ళ కుప్పలే. గేటు దాటగానే మేమిద్దరం ఏమీ మాట్లాడకుండా తలో దిక్కు వెళ్ళిపోయాం, ఎప్పుడూ ఇంతే మేము, అరగంటకోసారి కేకేసుకుంటాం.

"ఇదిగో, ఇటు రా, లోపల చూద్దువుగాని!"

ఏదో విగ్రహం దొరికిందనుకుని వెళ్తే ఒక కూలిన గోడ! కానీ నిజంగానే చూడాల్సిందే. బయటి నుంచి చూస్తే ఒకే మందం గోడ అనుకుంటాం కదా, అది రెండు పొరలు, బయట చెక్కిన రాళ్ళు, లోపలి వైపు ఇంకో వరస, మధ్యలో అడ్డదిడ్డం రాళ్ళు కూరారు. సున్నం లేదు సిమెంట్ లేదు. పక్కన పడి ఉన్న ఒక దిమ్మెను చూపించారు, దాని పై ముఖం మీద నలుచదరంగా చిన్న గుంట, వేలు పెడితే అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. పై రాయి జరగకుండా బిగించడానికట. ఎవరికీ కనపడని చోట, రెండు రాళ్ళ మధ్య దాక్కునే గుంటని కూడా ఎవరో అంత నీట్‌గా తొలిచారు, అక్కడ నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, మదనికల దగ్గర కూడా రాలేదు. ఇంకో గుడి గోడ సందులోంచి చెట్టు వేరు దూరి రాయిని బయటికి తోసేసింది. మొలకప్పుడే ఎవరైనా పీకేసి ఉంటే ఆ గోడ ఉండేది అన్నారాయన, కాస్త కోపంగానే.

పెద్ద గుడి చూరు కింద గజకేసరి బొమ్మలు ఉంటాయి, కింద ఏనుగు, దాని మీద సింహం, ఒకదానికైతే సింహం ఒళ్ళు, మనిషి ముఖం. రామప్ప మదనికలకి ఫొటోలు తీసేవాళ్ళు పది మంది క్యూలో ఉంటారు, ఇక్కడ మేమిద్దరమే, ఇక్కడా ఉత్తర వాకిలి దగ్గర రెండు మదనికలు ఉన్నాయి, తీరిగ్గా చూడొచ్చు.

లోపల శివుడికి పూజ జరుగుతూనే ఉంది. చుట్టూ ఇన్ని కూలిపోయినా గర్భగుడిలో బిల్వపత్రాలు, కొబ్బరి చిప్పలు, ఉసిరి దీపాలు. ఊళ్ళో పెద్దావిడ ఒకరు వత్తులు తెచ్చుకుని కూర్చుంది, నా దగ్గర నూనె అయిపోయిందని చూసి "ఏ ఊరు బిడ్డా మీది? ఇగో, ఇది పోసుకో" అని తన సీసా ఇచ్చింది. "అమ్మా, ఈ చిన్న గుళ్ళలో కూడా దేవుళ్ళు ఉండేవాళ్ళా?" అంటే, "ఉండకపోతే కడ్తరా?" అనేసింది. నిజమే కదా. బయటికి వస్తూ మిగిలిన రెండు ప్రమిదలు కప్పు లేని గుళ్ళ గడపల మీద పెట్టాను, రాతి మీద కాకుండా ఆకు వేసి పెట్టమని ఆయన, సరే అన్నాను, మచ్చ పడుతుందట.

వెళ్ళేవాళ్ళకి చెప్పేదేంటంటే, ముందు కోటగుళ్ళు చూసి తర్వాత రామప్పకి వెళ్ళండి, మేము వెళ్ళిన వరస కంటే అదే నయం, గోడ కడుపులో ఏముందో చూశాక ఆ గుడి ఎలా నిలబడిందో ఇంకా బాగా తెలుస్తుంది. తినడానికి ఏదైనా మూట కట్టుకెళ్ళండి, మేము తెచ్చుకున్న సర్వపిండి బయట చెట్టు కింద కూర్చుని తిన్నాం. బండల మధ్య గడ్డి ఉంటుంది కాబట్టి చూసి అడుగెయ్యండి.

సర్వపిండి తింటూనే మాకు గొడవ. ఆ రాళ్ళన్నిటికీ నంబర్లు వేసి, విప్పి, మళ్ళీ నిలబెట్టాలి అని నేను, హన్మకొండలో వేయి స్తంభాల గుడి మండపాన్ని అలాగే కట్టారుగా. కట్టడానికి ముందు దేని మీద ఏ రాయి ఉండేదో తెలియాలి కదా, తెలియకుండా ఊహించి పెడితే అది కాకతీయుల గుడి కాదు మన గుడి అవుతుంది, చెట్లు పీకి, నీళ్ళు నిలవకుండా చూసి, ఉన్నది పడకుండా ఆపితే చాలు అని ఆయన. అయితే ఆ దేవుళ్ళు ఎండలోనే ఉండాలా అన్నాను. ఉన్న దేవుడికి రోజూ దీపం పెడుతున్నారుగా అన్నారు. హైదరాబాద్ వచ్చేదాకా తేలలేదు, మా అత్తగారికి చెప్తే ఆవిడ నా పార్టీ.