‘డబ్లిన్ మొదలు’: పొరుగు దేశంలో ఆరంభమయ్యే టికెట్టుకు ఒక పేరు

బ్రిటన్‌లో ఉంటూ తరచుగా విమాన ప్రయాణాలు చేసేవారి నోట ‘ఎక్స్-ఈయూ’ అనే మాట ఏళ్ల తరబడి వినిపిస్తోంది. లండన్‌లో ఉండే మనిషి న్యూయార్క్ వెళ్లాలనుకున్నప్పుడు అక్కడి హీత్రో విమానాశ్రయంలో నేరుగా విమానం ఎక్కకుండా, ముందు సొంత ఖర్చుతో ఐర్లండ్‌లోని డబ్లిన్‌కో నార్వేలోని ఓస్లోకో చేరుకొని, అక్కడి నుంచి లండన్ మీదుగా న్యూయార్క్ వెళ్లే టికెట్టు కొనుక్కోవడాన్ని ఆ పేరుతో పిలుస్తారు. వినడానికి చుట్టుతిరుగుడు వ్యవహారంగా ఉన్నా, ముఖ్యంగా బిజినెస్ తరగతిలో, ఇలా చుట్టి వెళ్లే టికెట్టు నేరుగా వెళ్లేదానికంటే బాగా చవకగా దొరికే సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ చవకదనం గురించి రాసినవారు చాలామందే ఉన్నారు. నేను మాత్రం ఆ పేరు గురించి రాయాలనుకుంటున్నాను, ఎందుకంటే ఆ పేరు సరిగ్గా అర్థంకాక డబ్బు పోగొట్టుకున్న మనిషిని దగ్గరగా చూశాను.

‘ఎక్స్’ అనేది లాటిన్ మాట. దానికి ‘నుంచి’ అని అర్థం. విమాన ఛార్జీల వ్యాపారంలో ఉన్నవారు లండన్ నుంచి మొదలయ్యే ఛార్జీని ‘ఎక్స్-లండన్’ అంటారు, అది వారికి అలవాటైన మాట. కానీ మామూలు మనిషికి ‘ఎక్స్’ అనగానే ‘మాజీ’ అనే తోస్తుంది. 2020 జనవరి 31న బ్రిటన్ ఐరోపా సమాఖ్య (ఈయూ) నుంచి వైదొలగింది కనుక, ఆ అర్థంలో చూస్తే ‘ఎక్స్-ఈయూ’ అన్న పేరు బ్రిటన్‌కే చెందుతుంది. అంతకుముందైనా ఆ పేరు నిలబడేది కాదు, ఎందుకంటే అప్పట్లో బ్రిటన్ కూడా సభ్యదేశమే, కాబట్టి లండన్‌లో మొదలయ్యే టికెట్టు కూడా సమాఖ్య నుంచి మొదలయ్యేదే. ఇక ఓస్లో సంగతి చూడండి: నార్వే ప్రజలు 1972లో దాని ముందు రూపంలోనూ, 1994లో ఆ సమాఖ్యలోనూ చేరబోమని ఓటు వేసి చెప్పారు, అయినా ఓస్లో టికెట్టునూ అందరూ ఎక్స్-ఈయూ అనే పిలిచారు.

ధరలో తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే, పేరులో ఏ మాట ఉండాలో కూడా తెలుస్తుంది. లండన్‌లో ఉన్నవారికి న్యూయార్క్‌కు ఆగకుండా వెళ్లే సౌకర్యం ఉంది, ఆ సౌకర్యానికి ఎక్కువ చెల్లించడానికి వ్యాపార పనులమీద తిరిగేవారు సిద్ధంగా ఉంటారు. అదే విమాన సంస్థ డబ్లిన్‌లో ఉన్నవారికి లండన్ మీదుగా టికెట్టు అమ్మాలంటే, అక్కడి నుంచే నేరుగా వెళ్లే విమానాలతోనూ, ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా తీసుకువెళ్లే సంస్థలతోనూ పోటీ పడాలి, కాబట్టి ధర తగ్గించక తప్పదు. దీనికి పన్ను తోడవుతుంది. బ్రిటన్ 1994 నవంబరు నుంచి తన గడ్డమీద మొదలయ్యే విమాన ప్రయాణాలకు ప్రయాణికుల పన్ను వసూలు చేస్తోంది. 2025 ఏప్రిల్ 1న మొదలైన సంవత్సరానికి న్యూయార్క్ వంటి దూరానికి ఆ పన్ను సాధారణ తరగతిలో 90 పౌండ్లు, పై తరగతుల్లో 216 పౌండ్లు. ఐర్లండ్ తన విమాన పన్నును 2014 ఏప్రిల్‌లో ఎత్తివేసింది. డబ్లిన్‌లో మొదలైన టికెట్టు మీద 24 గంటల లోపు లండన్‌లో విమానం మారేవారికి బ్రిటన్ పన్ను పడదు. సొంత ఖర్చుతో డబ్లిన్ చేరడానికి తీసుకునే విడి టికెట్టు మీద మాత్రం దగ్గరి దూరపు పన్ను, అదే సంవత్సరంలో సాధారణ తరగతికి 13 పౌండ్లు, కట్టవలసి ఉంటుంది.

అంటే విమానం అదే, సీటు అదే, భోజనం అదే. మారినదల్లా ప్రయాణం ఎక్కడ మొదలైందన్నదొక్కటే.

మా స్నేహితుల్లో ఒకాయన ఆ ఒక్క సంగతి దగ్గరే దెబ్బతిన్నారు. ఎవరో ‘ఎక్స్-ఈయూ ధర’ అని చెబితే, అది ఐరోపాకు సంబంధించిన ఏదో రాయితీ అనుకొని డబ్లిన్–లండన్–న్యూయార్క్ టికెట్టు కొన్నారు. ఎలాగూ లండన్ మీదుగానే పోవాలి కదా అని డబ్లిన్ వెళ్లకుండా, రెండో విమానం వేళకు సూట్‌కేసుతో సహా హీత్రోకు వచ్చారు. మొదటి విమానం ఎక్కనందువల్ల టికెట్టు మొత్తం రద్దయిందని కౌంటరులో చెప్పారు. ఆ పూట ఆయన కొత్త టికెట్టుకు పెట్టిన డబ్బు, తగ్గిందనుకున్న ధరను పూర్తిగా మింగేసింది. ఆయన నిబంధనలు చదవలేదన్నది నిజమే, కానీ ఆయన విన్న పేరులో ‘మొదలు’ అన్న ఊసే లేదన్నది కూడా అంతే నిజం.

ఆ తరువాత ఆయన టికెట్టు కాగితాన్ని ఇద్దరం కూర్చుని చదివాం. అడుగున ఛార్జీ లెక్క చెప్పే ఒక పొడవాటి పంక్తి ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. అది డబ్లిన్ సంకేతాక్షరాలు ‘డీయూబీ’తో మొదలవుతుంది. లండన్ పేరుకు ముందు ‘ఎక్స్’ అక్షరం, ఒక ఏటవాలు గీత ఉంటాయి. ఆ అక్షరానికి లాటిన్ మాటతో సంబంధం లేదు. లండన్‌లో విమానం మారడమే గాని మజిలీ లేదని దాని అర్థం. లెక్క ప్రకారం లండన్ దారిలో తగిలే ఊరు మాత్రమే, ప్రయాణం డబ్లిన్‌ది. తిరుగు ప్రయాణంలో సామాను కూడా ఆ లెక్క ప్రకారమే డబ్లిన్ దాకా పోతుంది.

‘ఎక్స్-యూరప్’ అనవచ్చు కదా అని కొందరు అంటారు, కానీ బ్రిటన్ కూడా యూరపులోదే. ‘విదేశీ ఛార్జీ’ అంటే విదేశానికి వెళ్లే ఛార్జీ అనుకుంటారు. ‘చుట్టుదారి టికెట్టు’ అన్న పేరు వినసొంపుగా ఉన్నా, దారిని చెబుతుందే గాని షరతును చెప్పదు. మన భాషలో ‘మొదలు’ అనే మాట ఉంది. ‘ఉగాది మొదలు’, ‘శ్రీకాకుళం మొదలు’ అంటున్నప్పుడు అది ఆరంభాన్నీ చెబుతుంది, ‘నుంచి’ అనే అర్థాన్నీ ఇస్తుంది. లాటిన్ ‘ఎక్స్’ చేసే పనిని అది మరింత స్పష్టంగా చేస్తుంది. అందుకే ఈ రకం మొత్తానికి ‘పొరుగు మొదలు ఛార్జీ’ అనీ, ఏదైనా ఒక టికెట్టును ‘డబ్లిన్ మొదలు’, ‘ఓస్లో మొదలు’ అనీ పిలవడం సరైనదని నా అభిప్రాయం. ఈ పేరు విన్నవారు అడిగే మొదటి ప్రశ్న ‘అయితే డబ్లిన్ వెళ్లాలా?’ అన్నదే. అవును, వెళ్లాలి, వీలైతే ముందురోజు రాత్రికే చేరాలి, ఎందుకంటే విడిగా కొన్న టికెట్టు మీద విమానం ఆలస్యమైతే ఆ తరువాతి ప్రయాణానికి ఎవరూ పూచీపడరు.

‘పొరుగు’ అన్న మాటతో సమాఖ్య సభ్యత్వం గొడవ కూడా పోతుంది. యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాని జెర్సీ దీవి కూడా అందులో ఇముడుతుంది. ఇమడనివాటిలో ఇన్వర్‌నెస్ ఒకటి. స్కాట్లాండ్ ఉత్తర ప్రాంతంలోని ఆ విమానాశ్రయంలో మొదలయ్యే ప్రయాణానికి కూడా బ్రిటన్ పన్ను లేదు, కానీ అది సొంత దేశమే. దాన్ని ‘పొరుగు’ అనకుండా ‘ఇన్వర్‌నెస్ మొదలు’ అని మాత్రం అంటే సరిపోతుంది.