మా ఏజ్డ్ కేర్ హోంలో కొత్త అగ్రిమెంట్ వచ్చేదాకా: నా అనుభవం

ఆస్ట్రేలియాలో ఏజ్డ్ కేర్ (వృద్ధుల సంరక్షణ) పని చేస్తున్న మన తెలుగువాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒక్కటే. "అక్కా, యూనియన్‌లో చేరితే వీసాకి ఏమన్నా అవుతుందా?" ఏమీ కాదు. చేరడం, చేరకపోవడం మన ఇష్టమని 2009 నాటి ఫెయిర్ వర్క్ చట్టంలోనే ఉంది. యూనియన్‌లో చేరారని షిఫ్టులు తగ్గించినా, ఉద్యోగంలోంచి తీసేసినా, బెదిరించినా అది చట్టవిరుద్ధం. ఈ రక్షణ సిటిజన్లకు ఎంతో, వీసా మీద పనిచేసేవాళ్లకూ అంతే. ఈ ముక్క ముందే చెప్పడానికి కారణం ఉంది. మా హోంలో మేనేజ్‌మెంట్‌తో కూర్చుని మాట్లాడటం కంటే, మాలో మాకున్న ఈ భయం పోగొట్టుకోవడమే కష్టమైంది.

నేను మెల్‌బోర్న్‌లో ఒక హోంలో పీసీఏగా (పర్సనల్ కేర్ అసిస్టెంట్‌గా) చేస్తున్నాను. పెద్దవాళ్లకు స్నానాలు చేయించడం, బట్టలు మార్చడం, తినిపించడం, మంచం మీంచి కుర్చీలోకి చేర్చడం నా పని. నాతో చేసేవాళ్లలో నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, పంజాబీలు, మలయాళీలు ఎక్కువ. దాదాపు అందరం వలస వచ్చినవాళ్లమే, ఎక్కువమంది ఆడవాళ్లమే.

మా బాధల్లో మొదటిది షార్ట్ స్టాఫ్. ఎవరైనా సిక్ లీవ్ పెడితే వాళ్ల బదులు ఎవరినీ పిలిచేవాళ్లు కాదు. "ఈ ఒక్క రోజుకి సర్దుకోండి" అనేవాళ్లు. ఆ ఒక్క రోజు వారంలో చాలాసార్లు వచ్చేది. లిఫ్టర్‌తో, అంటే మనిషిని ఎత్తే యంత్రంతో, లేపాలంటే మా హోం రూల్ ప్రకారం ఇద్దరం ఉండాలి. రెండో మనిషి పక్క వింగ్‌లో చిక్కుకుపోతే, తడిసిన బట్టల్లో ఒక పెద్దావిడ ఎదురుచూస్తూ ఉంటే, ఏం చేస్తాం? ఆగితే ఆవిడకు నరకం, ఒక్కళ్లమే లేపితే మన నడుము పోతుంది, ఆవిడ పడిపోయే ప్రమాదం కూడా. ఇలా నడుము పోగొట్టుకుని ఈ పనే మానేసినవాళ్లు నాకు తెలుసు. ఇంకోటి మీల్ బ్రేక్. జీతంలోంచి అరగంట కోసేవాళ్లు, కానీ బజర్ మోగితే ప్లేటు పక్కన పెట్టి పరిగెత్తాల్సిందే. షిఫ్టుకి ముందే వచ్చి హ్యాండోవర్ (ముందు షిఫ్టువాళ్లు పని అప్పగిస్తూ చెప్పే వివరాలు) వినాలి, ఆ సమయానికి డబ్బు లేదు.

జీతాల సంగతి మా హోం స్థాయిలో తేలలేదు, దేశం మొత్తానికీ కలిపి తేలింది. యూనియన్లు ఏం చేయగలవో నాకు నిజంగా అర్థమైంది అప్పుడే. 2020 నవంబరులో హెల్త్ సర్వీసెస్ యూనియన్, తర్వాత నర్సుల యూనియన్, జీతాలు 25 శాతం పెంచాలని జీతాలు, పని షరతులు తేల్చే ఫెయిర్ వర్క్ కమిషన్‌కి వెళ్లాయి. మాలాంటి పనివాళ్లే సాక్ష్యం చెప్పారు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న మనిషి కోపంతో చెయ్యెత్తినప్పుడు గొంతు పెంచకుండా ఎలా శాంతపరుస్తారో, రోజూ తినే మనిషి ఇవాళ తినకపోతే దాన్నిబట్టి జబ్బు ఎలా పసిగడతారో కమిషన్ ముందు వివరించారు. సంరక్షణ ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చే గుణమని అనుకోవడం వల్లే ఈ పనికి ఇన్నేళ్లూ తక్కువ విలువ కట్టారని కమిషన్ ఒప్పుకుంది. 2022 నవంబరులో ముందుగా 15 శాతం పెంచమంది, అది 2023 జూన్ 30 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 మార్చి 15న తుది తీర్పు వచ్చింది. దాంతో మొదటి 15 శాతంతో కలిపి కొన్ని స్థాయుల వాళ్లకు 28.5 శాతం దాకా పెరిగింది. మిగతా పెంపు 2025 జనవరిలో, అక్టోబరులో రెండు విడతలుగా అందింది. నేను రోజూ చేసే పనిని నైపుణ్యమని ఒక తీర్పులో రాశారని చదివినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కానీ లాండ్రీలో, క్లీనింగ్‌లో చేసేవాళ్లకు ఆ తీర్పులో దక్కింది చాలా తక్కువ. మా షార్ట్ స్టాఫ్ బాధ కూడా జీతం పెరిగినంత మాత్రాన తీరేది కాదు. ఆ రంగం మొత్తానికీ కమిషన్ పెట్టే కనీస షరతుల్ని ఇక్కడ అవార్డు అంటారు. దానికి మించి ఏం కావాలన్నా ఎవరి హోంలో వాళ్లు యాజమాన్యంతో బేరమాడి ఎంటర్‌ప్రైజ్ అగ్రిమెంట్ రాయించుకోవాలి. మా పాత అగ్రిమెంట్ గడువు అయిపోవడంతో ఆ అవకాశం వచ్చింది.

యూనియన్ ఆర్గనైజర్ మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ ఉపన్యాసం ఇస్తుందనుకున్నాం. ఆవిడ ఖాళీ కాగితాలు పంచింది. తేదీ, షిఫ్టు, వింగ్, ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు, దానివల్ల ఏ పని ఆగిపోయింది: ఇంతే రాయమంది. రెసిడెంట్ల, అంటే హోంలో ఉండే పెద్దవాళ్ల, పేర్లు ఎక్కడా రాయొద్దని గట్టిగా చెప్పింది. అందరం రాయడం మొదలుపెట్టాం. రాస్తున్నకొద్దీ, ఒక్కొక్కరం "నా వల్ల కావట్లేదేమో, నేనే స్లో ఏమో" అని లోపల లోపల కుమిలిపోతున్నది అందరి కథా అని తేలింది. పంజాబీ అమ్మాయి ఒకరు, "నేను ఇంటికెళ్లి రోజూ ఏడుస్తున్నాను, మీరంతా బాగానే చేస్తున్నారనుకున్నాను" అంది. ఆ మాట విన్నాక ఆ రోజు చాలామంది సభ్యత్వం తీసుకున్నారు.

ఆ కాగితాలు బేరంలో ఎలా పనికొచ్చాయో చెప్పాలి. 2024 అక్టోబరు నుంచి హోములు ఒక్కో రెసిడెంట్‌కి రోజుకి సగటున 215 నిమిషాల సంరక్షణ ఇవ్వాలి, అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సువి కావాలి. ప్రభుత్వం పెట్టిన ఈ నియమం మంచిదే. కానీ అది సగటు. పగలు మనుషులు నిండుగా ఉండి రాత్రి ఒక్కళ్లే ఉన్నా సగటు సరిపోతుంది. మేనేజ్‌మెంట్ ఆ లెక్క చూపించి "మేం నియమం పాటిస్తున్నాం" అంది. అప్పుడు మేం రాసిన కాగితాలు బల్ల మీద పెట్టాం. ఏ రాత్రి, ఏ వింగ్‌లో, ఎన్ని గంటలకు రెండో మనిషి లేరో అందులో ఉంది. అంతవరకూ మాకేదో అసంతృప్తి ఉందన్నట్టు మాట్లాడినవాళ్లు, ఆ తర్వాత ఒక్కో తేదీ గురించి సమాధానం చెప్పాల్సి వచ్చింది.

అయినా బేరం సాగింది, సాగింది. మీటింగులు వాయిదా పడేవి. ఖాళీ షిఫ్టు నింపాలన్న క్లాజు దగ్గరికొస్తే "బడ్జెట్ లేదు" అనేవాళ్లు. చివరికి యూనియన్ ప్రొటెక్టెడ్ యాక్షన్ బ్యాలెట్‌కి వెళ్లింది. ఇక్కడ చట్టబద్ధంగా నిరసన చేయాలంటే ముందు రహస్య ఓటింగ్ జరగాలి. జాబితాలో ఉన్న సభ్యుల్లో కనీసం సగం మంది ఓటెయ్యాలి, వేసినవాళ్లలో సగానికి పైగా సరేననాలి. ఏం చేయబోతున్నామో యాజమాన్యానికి ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి. ఓటింగ్ సమయంలోనే రెండు పక్షాలూ కమిషన్ పెట్టే సమావేశానికి రావడం తప్పనిసరి.

ఈ దశలో టెన్షన్ బాగా ఉండేది. పెద్దవాళ్లను వదిలేసి బయటికి నడిచేస్తామా అని మాలోనే ఒకరినొకరు అడిగాం. అలాంటిది ఎవరూ కోరుకోలేదు, మనుషుల ప్రాణాలకు ముప్పు ఉంటే కమిషన్ అలాంటి నిరసనను ఆపేస్తుంది కూడా. మేం ఎంచుకున్నవి చిన్నవి. యూనిఫాం బదులు యూనియన్ టీషర్టులు వేసుకోవడం, సంరక్షణతో సంబంధం లేని కాగితం పని ఆపడం, మనుషులు తక్కువున్న రోజు ఆ సంగతి కుటుంబాలకు చెప్పడం. చివరిదానికి మేనేజ్‌మెంట్ భయపడుతుందని మాకు తెలుసు. కుటుంబాలు మా మీద కోప్పడతాయేమోనని సందేహించాం. వాళ్లు మేనేజర్ గదికి వెళ్లి "మా అమ్మకి ఇద్దరు మనుషులు కావాలి కదా, రెండోవాళ్లు ఏరీ?" అని అడిగారు.

కమిషన్ సమావేశం తర్వాత ఒప్పందం కుదిరింది. అనుకోకుండా ఎవరైనా రాకపోతే ఆ షిఫ్టు నింపడానికి అన్ని మార్గాలూ ప్రయత్నించాలి, నింపలేకపోతే ఎవరెవరికి ఫోన్ చేశారో రాసి పెట్టాలి. హ్యాండోవర్‌కి వచ్చే సమయానికి జీతం ఇవ్వాలి. బ్రేక్‌లో పని చేయిస్తే ఓవర్‌టైం కట్టాలి. ఇది అవార్డులోనే ఉన్నా, ఎలా క్లెయిమ్ చేయాలో స్పష్టంగా రాయించుకున్నాం. లాండ్రీ, క్లీనింగ్ వాళ్లకు అవార్డు కంటే కొంత ఎక్కువ రేటు వచ్చింది. దీనికోసం పీసీఏలు గట్టిగా నిలబడ్డారు, నాకు అన్నిటికన్నా సంతోషం అందుకే. అగ్రిమెంట్ మీద ఓటింగ్‌లో సభ్యులు కానివాళ్లూ ఓటేశారు. అవార్డు కంటే అందరికీ మెరుగ్గా ఉందో లేదో చూసి కమిషన్ ఆమోదించింది.

కాగితం మీద ఉన్నది దానంతటదే జరగదు. మొదటి నెలల్లో డెలిగేట్లం (హోంలో యూనియన్ ప్రతినిధులం) ఫోన్ కాల్స్ రికార్డు చూపించమని అడుగుతూనే ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు సిక్ కాల్ వస్తే ఆఫీసులో ముందు బదులు మనుషుల్ని పంపే ఏజెన్సీకి ఫోన్ చేస్తున్నారు.

చేరాలనుకునేవాళ్లకు ఒక మాట. సమస్య వచ్చాక చేరితే, చేరకముందు జరిగినదానికి చాలా యూనియన్లు కేసు నడపవు. కాబట్టి ముందే చేరండి. కట్టే ఫీజుకు టాక్స్ రిటర్న్‌లో మినహాయింపు ఉంది. పే స్లిప్పులు, రోస్టర్ ఫోటోలు దాచుకోండి, తక్కువ ఇచ్చిన జీతాన్ని ఆరేళ్ల వెనక్కి దాకా అడగొచ్చు.

రాత్రి షిఫ్టులో వింగ్‌కి కచ్చితంగా ఇద్దరు ఉండాలన్న క్లాజు మాత్రం మాకు దొరకలేదు. ఈ అగ్రిమెంట్ గడువు ముగిసేలోపు దానికోసం నైట్ వాళ్లతో మళ్లీ కాగితాలు రాయిస్తున్నాం.