మైలుతుత్తం నీళ్లు, అయస్కాంతం: మూడో వారం

సున్నా దొరికింది! అయస్కాంతం వైపు రాకుండా, దూరంగానూ పోకుండా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపిన రాగి ద్రావణం ఎంత గాఢత దగ్గర ఆగిపోతుందో చూడాలని మూడు వారాలుగా కూర్చుంటున్నాను.

త్రాసు కొబ్బరి ఈనెతో చేశాను. పట్టుచీర కుచ్చులోంచి లాగిన ఒక్క పోగుకు అది వేలాడుతుంది. ఒక చివర పాలిథిన్ కవరు మూలలో 3 మి.లీ. ద్రావణం, రెండో చివర మైనం ముద్ద. పక్కన 10 మి.మీ. దూరంలో నియోడిమియం అయస్కాంతం. ద్రావణం 5 మి.మీ. జరగడానికి ఎంత సమయం పట్టిందో ఫోన్ వీడియోలో చూస్తాను. విశాఖలో మా ఎంవీపీ కాలనీలో సాయంత్రం సముద్రపు గాలికి ఈనె నిలవదు. అందుకే రాత్రి పదయ్యాక, ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి చేస్తున్నాను.

మొదటి వారమంతా వృథా అయింది. జింక్ సల్ఫేట్ కూడా అయస్కాంతం వైపు వచ్చేసేది. అయస్కాంతం వైపు లాగేది ఒంటరి (జత లేని) ఎలక్ట్రాన్; జింక్ అయాన్‌లో అలాంటిది ఒక్కటీ లేదు, రాకూడదు కదా! చివరికి కవరు మూతి విప్పి చూస్తే, నేను కట్టింది బ్రెడ్ ప్యాకెట్ తీగతో. లోపల ఇనుము. నూలు దారంతో కట్టాక జింక్ బుద్ధిగా వెనక్కి పోయింది. భీమిలి నల్ల ఇసుక అంటుకున్న అయస్కాంతాన్నీ టేపుతో శుభ్రం చేశాను.

మైలుతుత్తం 12.5 గ్రాములు కరిగించి మొత్తం 50 మి.లీ. చేస్తే 1 మోలార్ (గాఢతకు కొలత). నీటిలో కలిసినా రాగి అయాన్‌లోని ఒంటరి ఎలక్ట్రాన్ అలాగే ఉంటుంది, అదే అయస్కాంతం వైపు లాగుతుంది. చుట్టూ ఉన్న నీరేమో వెనక్కి నెడుతుంది.

నిన్న రాత్రి డిస్టిల్డ్ వాటర్ సుమారు 2 సెకన్లలో వెనక్కి జరిగింది. 1 మోలార్ రాగి దాదాపు అంతే సమయంలో ముందుకొచ్చింది. 0.25 మోలార్ 3 సెకన్లు తీసుకుని వెనక్కే పోయింది. 0.5 దగ్గర 20 సెకన్లు చూశాను, ఆ నీలి బొట్టు కదల్లేదు. మళ్లీ మూడుసార్లు చేశాను, అంతే. లెక్క ప్రకారం కూడా రాగి లాగుడు, నీటి నెట్టుడు సరిసమానమయ్యేది అక్కడే. కాగితం మీద వేసిన లెక్క ఈనె పుల్ల మీద కనబడితే ఎంత ఆనందమో!

మైలుతుత్తం విషం. వంట గిన్నెలు, చెంచాలు దీనికి వాడొద్దు.

ఇక మాంగనీస్ సల్ఫేట్. దాని అయాన్‌లో ఒంటరి ఎలక్ట్రాన్లు ఐదు, కాబట్టి సున్నా 0.05 మోలార్ దగ్గరే రావాలి. 1 మోలార్ ద్రావణం 1 మి.లీ. తీసి 20 మి.లీ. చేస్తే సరిపోతుంది. ముందు మంచి సిరంజి కొనాలి.