చెక్‌పోస్ట్ ఆట

ఆదివారం మధ్యాహ్నం చిన్నోడు హాల్లో దారికి అడ్డంగా సోఫా దిండ్లు పేర్చి, చీపురుకట్ట భుజానికి ఆనించుకుని నిలబడ్డాడు. వంటింట్లోకి వెళ్తున్న నన్ను ఆపి చెయ్యి చాపాడు: "ఎనీథింగ్ ఫర్ ద బాయ్స్?"

ఇక్కడి రోడ్లమీద పోలీసులు మామూలు అడిగే తీరు అదే. ఫక్కున నవ్వాను, తర్వాత మనసు చివుక్కుమంది. నైజీరియా రాజధాని అబుజాలో పుట్టిన నా కొడుక్కి పోలీసంటే తుపాకీ పట్టుకుని దారి ఆపి డబ్బులడిగేవాడు. దొంగల్ని పట్టుకునేవాడని వాడికి చెప్పాలన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు, ఆ పని చేస్తుంటే వాడు చూడనూ లేదు.

పెద్దదానికి పన్నెండేళ్లు. ఈశాన్యాన బోర్నో రాష్ట్రంలో ఉన్న చిబోక్ ఊరి సంగతి బడిలో విని వచ్చింది. 2014 ఏప్రిల్ 14 రాత్రి బోకో హరామ్ తీవ్రవాదులు అక్కడి బడి హాస్టల్ మీద పడి 276 మంది ఆడపిల్లల్ని ఎత్తుకుపోయారు. 57 మంది లారీల్లోంచి దూకో, ఎలాగోలానో తప్పించుకున్నారు. "మిగతావాళ్ల కోసం సైన్యం వెంటనే ఎందుకు వెళ్లలేదమ్మా?" అంది. అదే రోజు పొద్దున ఈ రాజధాని శివార్లలో, న్యాన్యా బస్టాండులో బాంబు పేలి 70 మందికి పైగా పోయారు. ఇక్కడే ఆపలేనివాళ్లు ఎక్కడో బోర్నోలో ఏం ఆపుతారే, అన్నాను. నిజమే చెప్పాను గానీ, పిల్లకి చెప్పాల్సిన జవాబేనా అది?

మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట, వచ్చెయ్యండని. మాకేం, పాస్‌పోర్టులున్నాయి. కాలనీ గేటు దగ్గర కాపలా ఉంది, ఊరు దాటితే కంపెనీ వాళ్లు మోపోల్ (సాయుధ మొబైల్ పోలీసు దళం) వాళ్లని కూడా పంపుతారు. ప్రభుత్వం ఇవ్వాల్సిన రక్షణని డబ్బుపెట్టి కొనుక్కుంటున్నాం, అంతే.

మా డ్రైవరు కుటుంబం అబుజాకి ఉత్తరాన కడూనా నగరంలో ఉంటుంది. రోడ్డుమీద కిడ్నాపుల భయానికి రైలెక్కడం మొదలుపెట్టాడు. 2022 మార్చి 28న ఆ రైలు పట్టాల్నే పేల్చి, రైలు మీద కాల్పులు జరిపి, 60 మందికి పైగా ఎత్తుకుపోయారు. చివరి బందీలు బయటపడేసరికి అక్టోబరు వచ్చింది. డిసెంబరులో రైలు మళ్లీ మొదలైనా అతను ఎక్కలేదు. "రైల్లో అయితే పారిపోవడానికి దారుండదు మేడమ్" అంటాడు. మళ్లీ ఆ రోడ్డే.

అతని కూతురిదీ మా పెద్దదాని వయసే. ఈమధ్య అతను ఊరికి బయల్దేరితే ఇది గేటుదాకా వెళ్లి, "చేరాక మెసేజ్ పెట్టండి అంకుల్" అని చెప్పి వస్తోంది. పోయిన శనివారం ఆ మెసేజ్ రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చింది. అప్పటిదాకా అది అన్నానికి లేవలేదు.